టమాటా, మామిడి రవాణాలో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల కుదుపు – కమాన్ కట్టల సవరణ

పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె, గుర్రంకొండ, ములకలచెరువు, పలమనేరు, వి.కోట ప్రాంతాలు టమాటాకు, బంగారుపాళ్యం, దామలచెరువు, పుత్తూరు పరిసరాలు మామిడికి పేరుపొందాయి. ఈ రెండు పంటలకూ ఒక సమాన లక్షణం ఉంది. పొలం నుండి తారు రోడ్డు వరకు ఉన్న రెండు మూడు కిలోమీటర్ల బండి బాటలో పంటకు కలిగే హాని, ఆ తరువాత తారు రోడ్డుపై వంద కిలోమీటర్ల ప్రయాణంలో కలిగే హానికి తీసిపోదు. గుట్టల నడుమ తోటలు, వంకలు దాటే దారులు, ఈశాన్య రుతుపవన వర్షాలకు కోసుకుపోయిన ఎర్ర గరప నేలలు ఉన్న చోట మామూలు వాహనం నిలవదు. కనుక నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపులు, పికప్‌లు ఇక్కడ విలాసం కోసం కాక వ్యవసాయ అవసరంగానే వాడుకలోకి వచ్చాయి.

ఈ వాహనాల లాగుడు శక్తి గురించి రైతులు బాగా ఎరుగుదురు. కుదుపు గురించి మాత్రం ‘జీపు అన్నాక కొట్టక మానుతుందా’ అన్న ధోరణి స్థిరపడిపోయింది. 1941 నుండి యుద్ధ అవసరాలకు తయారైన విల్లీస్ జీపులో నాలుగు మూలలా కమాన్ కట్టలే ఉండేవి. భారతదేశంలో 1985లో వచ్చిన జిప్సీలో కూడా అదే అమరిక, దాని గట్టి కుదుపు అందరికీ తెలిసినదే. తరువాతి కాలంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2020 నాటి కొత్త థార్ వెనుక ఇరుసుకు అవే ఉన్నాయి. అయినప్పటికీ సరుకు మోసే వాహనాల వెనుక భాగంలో నేటికీ కమాన్ కట్టలదే రాజ్యం. అవి చవక, దృఢం, మారుమూల గ్రామంలో సైతం మరమ్మతుకు వీలైనవి. వాటిని తొలగించి మరొకటి అమర్చుకోవడం సగటు రైతుకు అవసరం లేదు. ఉన్నవాటిని సరిగా అర్థం చేసుకుంటే కుదుపులో గణనీయమైన భాగాన్ని తక్కువ ఖర్చుతో తగ్గించవచ్చు.

కుంగుబాటుకు, కుదుపుకు గల సంబంధం

సరుకు వేయగానే బండి వెనుక భాగం కుంగుతుంది. దీనిని లోపంగా భావించి షెడ్డుకు తీసుకువెళ్తే సాధారణంగా లభించే పరిష్కారం, కట్టకు మరో రెండు పట్టీలు ఎక్కించడం. బండి మళ్లీ నిటారుగా నిలుస్తుంది, యజమాని తృప్తి చెందుతాడు. నష్టం మొదలయ్యేది అక్కడే.

స్ప్రింగుపై నిలిచిన ఏ బరువైనా కదిపి వదిలితే ఒక నిర్దిష్ట వేగంతో పైకీ కిందికీ ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అదే దాని సహజ పౌనఃపున్యం. దీనిని లెక్కించడానికి సులభమైన సూత్రం ఉంది. బరువు వల్ల స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలంతో 5ను భాగించాలి. 4 సెం.మీ. కుంగితే సెకనుకు రెండున్నర సార్లు, 9 సెం.మీ. కుంగితే సుమారు 1.7 సార్లు, 25 సెం.మీ. కుంగితే ఒక్కసారి ఊగుతుంది. సుఖంగా నడిచే కార్లను సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల పరిధిలో ఉండేట్లు రూపొందిస్తారు. ఖాళీ పికప్ వెనుక భాగం మూడు, అంతకు పైన ఉండడం అసాధారణం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పికప్ వెనుక రెండు కట్టలూ కలిసి సెంటీమీటరు కుంగడానికి 150 కిలోల బరువు కావాలనుకుంటే, ఖాళీ బండిలో వాటిపై 350 కిలోలు, నిండు బండిలో 1250 కిలోలు పడుతున్నాయనుకుంటే, ఖాళీగా కుంగుబాటు 2.3 సెం.మీ., నిండుగా 8.3 సెం.మీ. అవుతుంది. పౌనఃపున్యం వరుసగా 3.3, 1.7. ఇప్పుడు అదనపు పట్టీలతో కట్టల బిగువు 200 కిలోలకు పెరిగిందనుకుందాం. నిండు బండి కుంగుబాటు 6.3 సెం.మీ.కు తగ్గి, పౌనఃపున్యం 2.0కు చేరుతుంది. 1.7కు, 2.0కు తేడా స్వల్పంగా కనిపించవచ్చు. కానీ ఒకే గుంతలో చక్రం అంతే ఎత్తు కదిలినపుడు తొట్టికి స్ప్రింగు ద్వారా చేరే బలం బిగువుకు అనులోమంగా, అంటే మూడో వంతు పెరుగుతుంది.

ఇందులోనే పండ్ల రవాణాకు అత్యంత ముఖ్యమైన విషయం ఒకటి ఇమిడి ఉంది. తొట్టి ఊగే ఎత్తు, మధ్యస్థానం నుండి పైకి కొలిచినపుడు, స్ప్రింగు స్థిర కుంగుబాటుతో సమానమైన క్షణంలో తొట్టి కిందికి దిగే త్వరణం భూమ్యాకర్షణకు సమానమవుతుంది. అంతకు మించితే బిగించి కట్టని క్రేటు తొట్టిని, క్రేటులోని పండు కింది పండును వదిలి గాలిలోకి లేస్తాయి. లేచినది తిరిగి పడక తప్పదు. టమాటా పగిలేది, మామిడి తొక్క కింద నల్లబడేది అలా పడినపుడే. పై ఉదాహరణలో మామూలు కట్టలతో పండు ఎగరాలంటే తొట్టి 8.3 సెం.మీ. ఊగాలి. పట్టీలు ఎక్కించిన తరువాత 6.3 సెం.మీ. చాలు. అదే బండి సగం సరుకుతో, వెనుక కట్టలపై 700 కిలోలతో బయలుదేరితే మూడున్నర సెంటీమీటర్లకే పండు లేస్తుంది. గతుకుల బాటలో మూడున్నర సెంటీమీటర్లు ఎంతపాటి? సరుకు వేసినపుడు కనిపించే కుంగుబాటు పంటకు లభిస్తున్న రక్షణ కొలత. అదనపు పట్టీ ఆ రక్షణను తగ్గించి, బదులుగా బండికి నిటారు రూపాన్ని మాత్రమే ఇస్తుంది.

సగం సరుకు విషయం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఏడాదిలో ఒకటి రెండు సార్లు వేసే అధిక లోడును దృష్టిలో ఉంచుకొని పట్టీలు ఎక్కిస్తారు. మిగిలిన రోజులన్నీ బండి సగం సరుకుతోనో, ఖాళీ క్రేట్లతోనో తిరుగుతుంది. టమాటా కోతలు విడతలుగా సాగుతాయి కనుక చిన్న రైతు బండి నిండేది అరుదు. కట్టల బిగువును నిర్ణయించవలసినది రైతు ఎక్కువ రోజులు మోసే బరువు.

నిజంగా అరిగిపోయిన కమాను

కుంగుబాటు అన్ని సందర్భాల్లోనూ మేలైనదని దీని అర్థం కాదు. ఏళ్ల తరబడి వాడిన కట్ట తన వంపును కోల్పోతుంది. అపుడు ఖాళీ బండి కూడా కిందికి వాలి, చిన్న గుంతకే ఇరుసు బంప్ స్టాపర్ రబ్బరును తాకుతుంది. ఆ దెబ్బ స్ప్రింగు ప్రమేయం లేకుండా నేరుగా చట్రానికి చేరుతుంది. చిత్రమేమిటంటే, వంపు పోయిన ఉక్కు బిగువు దాదాపు మారదు. కిలోకు ఎంత కుంగేదో అంతే కుంగుతుంది, కాకపోతే మొదలయ్యే స్థానమే కిందికి జారి ఉంటుంది. అందువల్ల దీనికి తగిన చికిత్స వంపును పునరుద్ధరించడం లేదా అదే కొలతల కొత్త కట్టను వేయడం. పట్టీ చేర్చడం వేరే జబ్బుకు మందు.

వంపు పునరుద్ధరణలో ఒక జాగ్రత్త అవసరం. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి వంచితే ఉక్కుకు కర్మాగారంలో ఇచ్చిన ఉష్ణ సంస్కారం చెడిపోతుంది. అటువంటి కట్ట కొద్ది నెలల్లో మళ్లీ వాలడమో, విరగడమో జరుగుతుంది. ప్రెస్సుపై చల్లగా వంచే చోట గాని, కాల్చిన తరువాత తిరిగి ఉష్ణ సంస్కారం చేసే వసతి ఉన్న చోట గాని ఈ పని చేయించాలి. సెంటర్ బోల్టు, యూ బోల్టులను అదే సమయంలో మార్చడం మంచిది. యూ బోల్టు వదులైతే ఇరుసు స్థానం తప్పి సెంటర్ బోల్టు తెగిపోతుంది, ఘాట్ రోడ్డుపై అది ప్రాణాపాయం.

పట్టీల మధ్య రాపిడి

కమాన్ కట్టలో పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ పనిచేస్తాయి. తుప్పు, ఎర్రమట్టి, ఇసుక చేరి జారడం ఆగిపోతే చిన్న కుదుపులకు కట్ట అసలు కదలదు. అపుడు బండి కేవలం టైర్ల గాలిపై ఊగుతుంది. లెక్కల్లో ఎంత మెత్తని కట్ట అయినా ఆచరణలో ఇనుప దిమ్మెగా మారుతుంది. పై లెక్కలన్నీ జారే కట్టకు మాత్రమే వర్తిస్తాయని గుర్తించాలి.

ఏడాదికి ఒకసారి కట్టలు విప్పి, తీగ బ్రష్షుతో తుప్పు తీసి, అంచులు కోసుకుపోయిన చోట నున్నగా రుద్ది, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూసి బిగించడం సంప్రదాయ పద్ధతి. పట్టీల చివర్లలో రబ్బరు లేదా ప్లాస్టిక్ దిండ్లు అమర్చిన కట్టలకు గ్రీజు తగదు, తయారీదారు పుస్తకంలోని సూచనను పాటించాలి. కాలిన ఇంజను ఆయిలును బ్రష్షుతో కట్టలకు పూసే అలవాటు ఈ ప్రాంతంలో విస్తారంగా ఉంది. అది రెండు విధాల చెరుపు. దుమ్మును పట్టి ఉంచి సానరాయి వలె పట్టీలను అరగదీస్తుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడు చేస్తుంది. షాకిల్ పిన్నులు, బుష్‌లు బిగుసుకుపోయినా ఫలితం ఇదే. షాకిల్ స్వేచ్ఛగా ఊగకపోతే కట్ట చాచుకోవడానికి చోటు ఉండదు.

షాక్ అబ్జార్బర్లు

పేరును బట్టి ఇవి కుదుపును మింగుతాయని అనుకుంటారు. కుదుపును మోసేది స్ప్రింగు. ఆ తరువాతి ఊగిసలాటను అణచడమే వీటి పని. శుభ్రపరచిన కట్టలో రాపిడి తగ్గుతుంది కనుక ఊపును ఆపే భారం పూర్తిగా వీటిపైనే పడుతుంది. కట్టలకు గ్రీజు వేయించి, చమురు కారిపోయిన పాత షాక్ అబ్జార్బర్లను అలాగే ఉంచితే బండి పడవలా ఊగి, మొదటి కంటే అధ్వాన్నంగా నడుస్తుంది. ఈ రెండు పనులూ కలిపే చేయాలి.

బయటికి చమురు చెమ్మ కనిపించడం, గుంత దాటిన తరువాత తొట్టి ఒకటిన్నర ఊపులకు మించి ఊగడం, టైరు చుట్టూ మచ్చలు మచ్చలుగా అరగడం వీటి క్షీణతకు గుర్తులు. కొత్తవి కొనేటప్పుడు ‘హెవీ డ్యూటీ’ అన్న ముద్రను చూసి మోసపోరాదు. స్ప్రింగు బిగువుకు మించిన గట్టి షాక్ అబ్జార్బరు చిన్న గతుకులను యథాతథంగా తొట్టికి అందిస్తుంది. తయారీదారు సూచించిన రకమే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

ఖర్చు మాట వస్తుంది. 25 కిలోల క్రేట్లు 40 వేసుకొని వెళ్లే బండిలో ప్రతి ప్రయాణానికి రెండు క్రేట్లు మాత్రమే రెండో రకంలోకి దిగజారాయనుకుంటే, అది 50 కిలోలు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటిన రోజుల్లో ఆ నష్టం ఎంతో చెప్పనవసరం లేదు. ధర కిలో నాలుగైదు రూపాయలకు పడిన రోజుల్లో పరిస్థితి మరొక విధంగా కఠినం. అపుడు మండీలో దెబ్బతిన్న సరుకును అడిగేవారే ఉండరు.

టైరు గాలి – నేల ఆరోగ్యం

టైరు కూడా ఒక స్ప్రింగే. దాని బిగువు దాదాపు గాలి పీడనాన్ని అనుసరించి మారుతుంది. నిండు సరుకుకు నిర్దేశించిన పీడనంతోనే ఖాళీ బండిని తిప్పడం కుదుపుకు సాధారణ కారణం. ఇది పైసా ఖర్చు లేని సవరణ అయినప్పటికీ అత్యంత నిర్లక్ష్యానికి గురవుతున్నది. తలుపు అంచున ఉండే పట్టికలో ఖాళీకి, నిండుకు వేర్వేరు పీడనాలు ఇవ్వబడి ఉంటాయి.

వ్యవసాయ దృష్టితో చూస్తే ఇందులో మరో ప్రయోజనం ఉంది. మెత్తని నేలపై టైరు కలిగించే ఒత్తిడి రమారమి దానిలోని గాలి పీడనానికి దగ్గరగా ఉంటుంది. 50 పి.ఎస్.ఐ. అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు. 25కు తగ్గిస్తే ఒత్తిడి సగమవుతుంది. వేరుశనగ, టమాటా పండించే ఎర్ర గరప నేలలు వర్షం తరువాత పదునులో ఉన్నపుడు త్వరగా గట్టిపడతాయి. పై పొర గట్టిపడటం టైరు పీడనంపై, లోతు పొర గట్టిపడటం ఇరుసుపై మొత్తం బరువుపై ఎక్కువగా ఆధారపడుతుంది. కనుక గాలి తగ్గించినంత మాత్రాన నిండు బండిని తడి చేలోకి దింపవచ్చునని కాదు. గట్టు వరకు క్రేట్లను మోయించడమే మేలు.

తగ్గించిన గాలితో తారు రోడ్డు ఎక్కరాదు. టైరు పక్కలు అధికంగా వంగి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. 12 వోల్టుల బ్యాటరీపై నడిచే చిన్న గాలి పంపు, పీడనం కొలిచే గేజి బండిలో ఉంచుకుంటే బాట చివర ఆగి పది నిమిషాల్లో గాలి నింపుకోవచ్చు.

చారల బాట

గ్రావెల్ బాటలపై అడ్డంగా, రేకు పైకప్పు వలె ఏర్పడే చారలు అందరికీ అనుభవమే. చారల మధ్య దూరం 70 సెం.మీ. ఉండి, బండి గంటకు 36 కి.మీ. వేగంతో వెళ్తే చక్రానికి సెకనుకు 14 దెబ్బలు తగులుతాయి. చక్రం, ఇరుసు కలిసిన బరువు టైరుపై సహజంగా ఊగే వేగం సెకనుకు 10 నుండి 15 సార్ల వరకు ఉంటుంది. రెండూ ఏకమైనపుడు ఇరుసు చిందులు తొక్కుతుంది. వేగం పెంచితే నున్నగా అనిపిస్తుందని డ్రైవర్లు చెప్పేది నిజమే. చక్రం చారల శిఖరాలను మాత్రమే తాకుతూ పోతుంది, అదే కారణంగా బ్రేకు పట్టదు. వేగం తగ్గించి, టైరు గాలి తగ్గించడమే క్షేమం. ఈ చారలు వాహనాల స్ప్రింగుల వల్లనే పుడతాయన్న భావన పాతది. స్ప్రింగు లేని చక్రం కూడా తగినంత వేగంతో ఇసుకపై దొర్లితే చారలు ఏర్పడతాయని 2007లో ప్రచురితమైన ప్రయోగాలు నిరూపించాయి. వెనుకటి టైరు బండికి ఏ స్ప్రింగూ లేకపోయినా ఎద్దుల నడకలో ఆ చిక్కు రాలేదు.

ఎత్తు పెంచడం

నాలుగు చక్రాల చోదకం ఉన్న వాహనంలో ముందు ఇరుసులో కూడా డిఫరెన్షియల్, షాఫ్టులు ఉంటాయి కనుక స్ప్రింగు కింద బరువు మామూలు బండి కంటే ఎక్కువ. పెద్ద టైర్లు, బరువైన రిమ్ములు వేస్తే అది మరింత పెరిగి ఇరుసు చిందులు అదుపు తప్పుతాయి. ఇటీవల యువ రైతుల్లో బండిని ఎత్తు పెంచే మోజు కనిపిస్తున్నది. ఎత్తు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి యూనివర్సల్ జాయింట్లు వణుకుతాయి, స్టీరింగు నిలకడ చెడుతుంది, గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. భాకరాపేట, మొగిలి ఘాట్ల మలుపుల్లో ఐదు వరుసల క్రేట్లతో దిగే బండికి ఇది ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై ఆంక్షలు కూడా ఉన్నాయి.

గట్టి కట్టల వల్ల లాగుడు కూడా తగ్గుతుందన్న సంగతి తరచు మరుగున పడుతుంది. వంక దాటేటప్పుడు ఒక చక్రం గుంతలో, మరొకటి గట్టుపై ఉంటాయి. మెత్తని, నిడివైన కట్ట చక్రాన్ని గుంతలోకి దించి నేలకు ఆనిస్తుంది. బిగుసుకున్న కట్ట దానిని గాలిలో వేలాడదీస్తుంది. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న బండిలో గాలిలోని చక్రమే గిరగిర తిరుగుతుంది, నేలపై ఉన్నది కదలదు.

క్రేట్లు, డ్రైవరు నడుము

అమెరికాలోని డేవిస్‌లో మైకేల్ ఓబ్రియన్, ఆయన సహచరులు 1960ల్లో పండ్ల లారీలపై జరిపిన పరిశోధనలు ఇప్పటికీ విలువైనవే. అడుగు వరుసలు బరువుకు నలుగుతాయి, పై వరుసలు కంపనానికి ఎగిరి దెబ్బతింటాయి. కనుక పై వరుస క్రేటును అంచుకు మించి నింపరాదు, తాడు బిగువుగా ఉండాలి. వెనుక ఇరుసుకు అవతల వేలాడే తొట్టి భాగంలో ఊపు అత్యధికం. మాగిన పండ్లను ముందు వైపు, పచ్చికాయలను చివర పేర్చుకోవడం మేలు.

మనిషి శరీరం నిలువు కంపనాలకు సెకనుకు 4 నుండి 8 సార్ల పరిధిలో అధికంగా స్పందిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 2631 కూడా ఆ ప్రాంతానికే ఎక్కువ తూకం ఇస్తుంది. రాపిడితో బిగుసుకున్న కట్టలు, అధిక గాలి నింపిన టైర్లు బండిని సరిగ్గా ఆ వైపుకు నెడతాయి. సీటుపై దళసరి నురుగు దిండు వేసుకుంటే సరిపోతుందన్నది అపోహ. చాలా దిండ్లు ఈ పరిధిలో ఊపును తగ్గించకపోగా పెంచుతాయి.

కొలిచే విధానం

షెడ్డుకు వెళ్లే ముందు ఇంటి వద్దనే మూడు కొలతలు తీయాలి. చదునైన నేలపై బండిని నిలిపి, రెండు మూడు సార్లు బలంగా ఊపి వదిలి, వెనుక ఇరుసు నుండి చట్రం వరకు గల ఎత్తును ఖాళీగా కొలవాలి. 25 కిలోల నిండు క్రేట్లు 20 సరిగ్గా ఇరుసుపైన పేర్చి, మళ్లీ ఊపి, రెండోసారి కొలవాలి. 500 కిలోలకు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో తెలిస్తే కట్టల బిగువు తెలిసినట్లే. 3.3 సెం.మీ. దిగితే సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు. మూడో కొలత నిండు సరుకుతో, ఇరుసుకు, బంప్ స్టాపరుకు మధ్య మిగిలిన ఖాళీ. నిండు సరుకుతో కూడా అక్కడ నాలుగు వేళ్లు దూరే చోటు ఉంటే పట్టీలు ఎక్కించవలసిన అవసరం లేదు. ఊపినపుడు కట్ట కదలక టైరు మాత్రమే నలుగుతుంటే ముందుగా తుప్పు సంగతి చూడాలి. మామిడి కోతలు మే నెలలో ఊపందుకుంటాయి కనుక మార్చి, ఏప్రిల్ నెలల్లో కట్టలు విప్పించి శుభ్రపరచుకోవడం అనువుగా ఉంటుంది. ఈ కొలతలను తేదీతో సహా బండి పుస్తకంలో రాసి ఉంచుకుంటే, మరుసటి ఏడాది కట్ట వాలిందో లేదో అంచనాతో పని లేకుండా తేలుతుంది.